పార్టీ వాటా

"ముందు పార్టీ వాటా తియ్యండర్రా!"

పని మీద జంషెడ్‌పూర్ వెళ్ళి, భాలుబాసాలో తెలుగువాళ్ళ రామభజన మందిరంలో కూర్చున్నాను. హారతి అవగానే ఒక ముసలమ్మ అలా కేక వేసింది. నైవేద్యం పెట్టిన పులిహోరతో ఒక డబ్బా నింపి పక్కన పెట్టాకే మాకు వడ్డించారు.

అసలే ఎన్నికల రోజులు. రాముడి ప్రసాదంలో పార్టీకి వాటా ఏమిటని నా చెయ్యి కదల్లేదు. సత్సంగాల్లో పెరిగినవాణ్ణి. ప్రసాదం వదిలేస్తే అపచారం, తినడానికి మనసొప్పడం లేదు.

"ఏటి బాబూ, తినకుండా అలా సూత్తన్నావు? ఉప్పు తక్కువైందేటి?" అంది ముసలమ్మ.

ఆ వాటా సంగతి అడిగేశాను. ఆమె పకపకా నవ్వింది.

"ఓట్లోళ్ళకి కాదు నాయనా! తెల్లోళ్ళ కాలంలో పార్టీ పిలిసిందని మా మావ జైలుకెళ్ళిపోనాడు. ఆయనెనకాల ఇంకా శానామంది ఎళ్ళారు. ఆళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఎలగలేదు. సాయానికి ఎవులెళ్ళినా పోలీసోళ్ళు పేరు రాసుకునేవోరు. పెసాదం అట్టుకెళ్తే మాత్రం ఏటీ అనలేకపోయేవోరు. జైలు తలుపులు ఎప్పుడో తీసేరు, వాటా మాత్రం ఆగలేదు, ఆ పేరూ పోలేదు."

"మరి ఇప్పుడెవరికమ్మా?"

"సంపాయించేవోడు మంచానపడిన ఇంటికి. ఈ వారం ఈ ఊళ్ళోనే కాసిడీహ్‌లో ఒకలింటికెళ్తాది."

గుండె మీది బరువు దిగిపోయింది. పంచగా మిగిలిందే ప్రసాదమని ఎన్నోసార్లు విన్నాను గాని, తినడం అదే మొదటిసారి అనిపించింది. నిమిషంలో విస్తరి ఖాళీ అయింది.

ముసలమ్మ, వడ్డిస్తున్న కోడలి వైపు తిరిగింది. "ఈ బాబుకి ఇంకాస్త ఎయ్యే. పార్టీతో తగువు తీరిపోయింది."