ఐదో లెక్కలో తప్పు

మొన్న కడపలో, మా మనవరాలి ట్యూషన్ అయ్యవారు మరునాటి బడి పరీక్షలో రాబోయే ప్రశ్నలన్నీ ముందురోజు సాయంత్రమే ఫోనుకు పంపించాడు. ఇదేం పద్ధతని నేను మండిపడితే మా కోడలు నవ్వి, "అందరూ ఇట్లనే చేస్తాండారత్తా, మన పిల్ల ఒక్కతే ఎనకబడాల్నా?" అంది. పిల్లకు నూటికి నూరు వచ్చాయి, ఆ ట్యూషన్‌లో అందరికీ నూరేనట. ఆ మార్కుల కాగితం చూస్తుంటే నా కోపమంతా యాభై ఏళ్లు వెనక్కి పోయి, కోడుమూరులో మాకు లెక్కలు చెప్పిన అయ్యవారి మీద పడింది.

పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు గానీ, ఆయన్ని అనకుండా ఉండటం నా వల్ల కాదు. నా వయసువాళ్లకు ఇలాంటి మనుషులు తెలియకపోరు: పగలు బడిలో సగం పాఠం చెప్పి, మిగతా సగం సాయంత్రం తన ఇంటి అరుగు మీద ట్యూషన్‌కు చేరే మా అంగళ్లవాళ్ల పిల్లలకు దాచిపెట్టేవాడు. పరీక్షకు ముందురోజు రేపటి పది లెక్కలూ మా చేత చేయించి, అందరికీ నిండు మార్కులు వస్తే హెడ్మాస్టరు అనుమానిస్తాడని, ఒక్కొక్కరికి ఇన్ని తప్పులని తానే పంచేవాడు. ఆ పంపకం మా తెలివిని బట్టి కాదు, మా నాన్నల అంగళ్లను బట్టి. మాది పెద్ద అంగడి గనుక ఏడో తరగతిలో నాకు ఒకే ఒక్క తప్పు ఇచ్చాడు. ఐదో లెక్కలో పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరని తెలిసీ నూట ఇరవై ఆరని రాయాలి. ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు రాశాను.

నా పక్కన కూర్చునే పిల్ల మా అంగట్లో శెనక్కాయలు ఒలిచే ఆమె కూతురు. తరగతి మొత్తంలో ట్యూషన్ మొహం ఎరగనిది తనొక్కతే, అయినా నిజంగా లెక్కలు వచ్చింది ఆ పిల్లకే. ఆ పరీక్షలో మొదట వచ్చిన ఒక్కరినే కర్నూలు హాస్టలు బడికి పంపుతారు గనుక, వాళ్లమ్మ ఆశంతా ఆ సీటు మీదే ఉండేది. పాపం, తొందరలో ఆ పిల్ల కూడా ఐదో లెక్కలోనే తప్పి, నాలాగే నూట ఇరవై ఆరని రాసింది. మా ఇద్దరికీ సరిసమానంగా మార్కులు వచ్చాయి.

హెడ్మాస్టరు మా పేపర్లు పక్కపక్కన పెట్టి, ఎవరు ఎవరిది చూసి రాశారని అడిగాడు. నా తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిన అయ్యవారు అక్కడే నిలబడి, చూసి రాసింది కూలామె కూతురేనని మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ పిల్ల ఏడుస్తూనే, "నేను సూడలే సార్, ఆ తప్పు నా అంతట నేనే చేసినా" అంది. నేను నోరు విప్పలేదు. అయ్యవారికి భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం, నా మొదటి ర్యాంకు పోతుందని భయపడ్డాను. ఆ పిల్లకు సున్నా వేశారు. సీటు నాకొస్తే, ఆడపిల్లను హాస్టలుకు పంపేది లేదని మా నాన్న వద్దనేశాడు, అది ఎవరికీ కాకుండా పోయింది. సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్లమ్మ పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ, నేను పుస్తకాల సంచితో ముందునుంచి పోతే తలెత్తేది కాదు.

ఆ రోజుల్లో దొంగలకు కనీసం భయమన్నా ఉండేది, ఒక తప్పు చాటున దాక్కునేవాళ్లం. ఇప్పుడు అదీ లేదు, దొంగ మార్కులు ఫోన్లో పదిమందికీ చూపించుకుంటున్నారు. మనవరాలి అయ్యవారిని నాలుగు దులిపేద్దామని నిన్న నేనూ ఫోను తీసుకున్నాను, తెరవాల్సిన నాడు తెరవని నోరు గుర్తొచ్చి మళ్లీ పెట్టేశాను. ఆ ఏడు మా తరగతి మొత్తం మీద నిజాయితీగా చేసిన తప్పు ఆ పిల్లదొక్కటే, సున్నా పడింది దానికే.