గోడకు కొట్టిన పరుపు

చప్పుడు తగ్గించమని పొరుగువాడు కోరితే, ఏ చప్పుడని మీరెప్పుడైనా అడిగారా?

బోధన్‌లో, వేలితో తట్టినా మోగే పలుచటి గోడల అపార్ట్‌మెంటులో, ఎస్తర్ పగలంతా బడి యూనిఫారాలు కుట్టేది. ఆరేళ్లలో ఆమె మిషన్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక సోమవారం గోడ అవతల రాధాబాయి ఏడుపు విని, వెళ్లి తలుపు తట్టింది. రాధాబాయి భర్త మల్లికార్జున్ తలుపు ఓరగా తీసి, “ఏం లేదక్కా” అన్నాడు.

మర్నాడే అతడు పాత దూది పరుపు మోసుకొచ్చాడు.

“నీ మిషిన్ సప్పుడుకు తల పలుగుతున్నదక్కా. గిది నీ గోడకు కొడ్త.”

“కొట్టు తమ్మీ. మిషిన్ కింద రబ్బరు గూడ పెడ్త,” అంది ఎస్తర్ నొచ్చుకుంటూ.

మేకులు దిగగొట్టి అతడు తన ఇంట్లోకి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మా దిక్కుకెల్లి గోడను గట్టిగ గుద్దిన. ఏమన్న ఇనబడ్డదా?”

“ఏం ఇనబడలె.”

“మంచిగైంది,” అని నవ్వాడు.

సూదికి దారం ఎక్కించబోయిన ఎస్తర్ చేయి ఆగిపోయింది. మిషన్ తొక్కి చూపమని అతడు అడగనే లేదు. ఆమె చప్పుడు తనకు చేరుతుందో లేదో అతనికి పట్టలేదు. తన ఇంటి చప్పుడు ఆమెకు చేరకపోతే చాలు. అతడి వెనుక వరండాలో రాధాబాయి తల దించుకుని నిలుచుంది.

ఎస్తర్ లేచి, అతడు చూస్తుండగానే పరుపును మేకుల నుంచి లాగి కింద పడేసింది.

“ఎత్తుకపో తమ్మీ. నాకు ఇనబడాలె.”