ఇడ్లీ ముక్కకి పడని చేపలు

ఐదో నెల వచ్చినా నాకు వాంతులు ఆగలేదు. అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ అంతటికీ ఈ సంగతి తెలుసు, గోడలు అంత పల్చన. అన్నం ఇమడలేదు, చపాతీ ఇమడలేదు, చివరికి మజ్జిగ కూడా వెనక్కి వచ్చేసేది. డాక్టరమ్మ నా బరువు చూసి, ఇంకా తగ్గితే బిడ్డకి మంచిది కాదు, ఆస్పత్రిలో చేరాల్సి వస్తుందని చెప్పింది. ఇంటికొచ్చే దారంతా కార్లో ఏడ్చాను.

నా నాలుకకి ఒక్కటే కావాలనిపించేది, చేపల పులుసు. ఇండియన్ స్టోర్‌లో దొరికే ఐసు కట్టిన చేపముద్దలు మూత తీయగానే నన్ను సింకు దగ్గరికి తరిమేశాయి. అమెరికన్ షాపులో తల, ముల్లు, తోలు తీసేసి అమ్ముతారు. తల లేని చేపకి పులుసెందుకు, దండగ! అప్పుడే పట్టిన చేప కావాలి.

ఇక్కడే ఉంది చిక్కంతా. మాది కాకినాడ. మా ఆయన పుట్టింది వెల్లుల్లికి కూడా గడప దాటే యోగ్యత లేని ఇంట్లో. ఇంజనీరింగ్‌లో నేను టిఫిన్ డబ్బా తెరిస్తే పక్క బెంచీకి పారిపోయిన ఈ మనిషి నన్నెందుకు ప్రేమించాడో నాకిప్పటికీ తెలీదు. నేను బయట ఏమైనా తినొచ్చు, వంటింట్లోకి మాత్రం తేకూడదు. అదీ మా పెళ్ళినాటి ఒప్పందం.

అమ్మ ఫోన్లో నాతో కాదు, నేరుగా అల్లుడితోనే మాట్లాడింది. "కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది పెట్టకపోతే, పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుంది బాబూ. తర్వాత మీ ఇష్టం."

ఎమ్మెస్ చదివిన మనిషి. ఇలాంటి మాటలకి నవ్వే మనిషి. ఆ సాయంత్రమంతా కంప్యూటర్ ముందు కూర్చుని పసిపిల్లల చెవుల గురించి చదివాడు. మర్నాడు కొత్త గిన్నె, కొత్త గరిటె, బాల్కనీలో పెట్టడానికి ఒక ఎలక్ట్రిక్ స్టవ్వు కొనుక్కొచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మాకు చూలుంది, చేపే లేదు.

కింద ఫ్లాట్‌లో ఉండే అమెరికన్ పెద్దాయనకి ఒక పడవ ఉంది. గోడల పుణ్యమా అని నా అవస్థ ఆయన రోజూ వింటూనే ఉన్నాడు. అడగ్గానే శనివారం సరస్సుకి తీసుకెళ్తానన్నాడు. నేనూ వస్తానన్నాను. నేను లేకపోతే మా ఆయన చేపకి నమస్కారం పెట్టి తిరిగొచ్చే రకం. లైఫ్ జాకెట్ నా పొట్ట మీద బిగియలేదు, మా ఆయన తన ప్యాంటు బెల్టు విప్పి నన్ను దానికి కట్టేశాడు. బస్సు మీద పరుపుచుట్టలా కూర్చున్నాను.

విచిత్రం, నీళ్ళమీద నాకు వికారం లేదు. పెద్దాయన వానపాముల డబ్బా తెరిచాడు. మా ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

"పాపం, అది మనకేం చేసిందే?"

"మరి చేప ఏం చేసింది?"

"దానికి ఛాయిస్ ఉంది. ఇష్టమైతే తింటుంది, లేకపోతే లేదు." అంటూ జేబులోంచి పొట్లం తీసి, పొద్దున్న నేను తినని ఇడ్లీ ముక్కని గాలానికి గుచ్చాడు.

పెద్దాయన అదేమిటని అడిగాడు. రైస్ కేక్ అని చెప్పాడు మా ఆయన, చాలా గౌరవంగా. నీళ్ళలో పడగానే అది కరిగి, తెల్లటి పొగలా పోయింది. ఇంకో ముక్క. ఇంకోటి. ఇడ్లీలన్నీ సరస్సుకి నైవేద్యం అయిపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ బిడ్డ ఆకలితో ఉంటే నువ్విక్కడ చేపలకి బ్రేక్‌ఫాస్ట్ పెడుతున్నావా?" అని అరిచేశాను. పెద్దాయన భాష రాకపోయినా అర్థమైనట్టు తలొంచుకుని, మా ఆయన గాలానికి తళతళలాడే రేకు చేప ఒకటి కట్టిచ్చాడు. రేకుకి ప్రాణం లేదు కాబట్టి మా ఆయనకి అభ్యంతరం లేదు.

కాసేపటికి కర్ర విల్లులా వంగింది. "గోవిందా!" అని కేక పెట్టాడు మా ఆయన. పడవలోకి వచ్చింది పైక్, కొర్రమీనుకి మొసలి మూతి అతికించినట్టు, నోటినిండా పళ్ళు. అది ఎగిరి పడుతుంటే ఆయన సీటెక్కి నిలబడి "సారీ అండీ, సారీ అండీ" అంటున్నాడు. చేపని మీరు అనడం నా జీవితంలో మొదటిసారి విన్నాను. నేను మాత్రం అప్పుడే దాన్ని మనసులో ముక్కలు కోసి, తల వేరే పెట్టేశాను.

పెద్దాయన చేపని చూశాడు, నా పొట్టని చూశాడు. ఇంత పెద్ద పైక్ గర్భిణులు తినకూడదు, దానిలో పాదరసం చేరి ఉంటుందన్నాడు. పెర్చ్ అనే చిన్న రకం అయితే పర్వాలేదట. పైక్‌ని నీళ్ళలోకి వదిలేశాడు. నేను పడవలోనే భోరుమన్నాను, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

పెర్చ్‌లకి రేకు వద్దు, వానపామే కావాలి అన్నాడు పెద్దాయన. నేను డబ్బా అందుకోబోతే పొట్ట అడ్డొచ్చింది. మా ఆయన నన్నొకసారి చూసి, డబ్బాలో వేళ్ళు పెట్టాడు. కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం గొణుక్కుంటూ గుచ్చాడు. సాయంత్రానికి నాలుగు పెర్చ్‌లు పడ్డాయి, పచ్చటి ఒంటిమీద ముదురు చారలతో, అరచేతంత. ప్రతిదానికీ కొత్తగా శ్లోకం చదివాడు.

వంట బాల్కనీలో. వాసన పడదని నేను గాజు తలుపుకి ఇవతల, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. అమ్మ స్పీకర్ ఫోన్లో. "గరిటె పెట్టకండి బాబూ, ముక్క విరిగిపోద్ది. గిన్నె పట్టుకుని తిప్పండి." ఆయన గిన్నె చెవులు పట్టుకుని, తనూ దాంతోపాటు తిరిగాడు.

"ఉప్పు చూశారా బాబూ?"

పులుసు ఉప్పగా ఉంటే నేను కక్కేస్తాను, చప్పగా ఉన్నా కక్కేస్తాను. పట్టినవి నాలుగే. రుచి చూడగలిగిన మనిషి కాకినాడలో ఉంది.

నేను తువ్వాలు తీసి తలుపు దగ్గరికి వెళ్ళాను, వద్దని చెప్పడానికి. అప్పటికే చెంచా ఆయన నోట్లో ఉంది. మింగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"కొంచెం తక్కువైందండీ అత్తయ్యా. వేస్తాను."

వేడన్నంలో కలుపుకుని తిన్నాను. ఒక ముద్ద, ఆగాను. ఏమీ కాలేదు. ఇంకో ముద్ద. కడుపు చల్లగా, నెమ్మదిగా ఊరుకుంది. బాత్రూంలోంచి మా ఆయన కక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను తింటూనే ఉన్నాను. చాలాసేపటికి మొహం కడుక్కుని బయటికొచ్చి, నా కంచంలోకి చూసి, గిన్నె అందుకున్నాడు.

"ఇంకో ముక్క వెయ్యనా?"

"వెయ్యి" అన్నాను.