దీవి ఎక్కడికీ పోదు

కెనడాలోని సర్రేలో నేను పనిచేసిన షిప్పింగ్ ఆఫీసు మేనేజరు గారు తొందర ఎరగని మనిషి. ఉల్లిపాయ నుంచి ఇంటి రేకు దాకా ఓడలోనే దిగాల్సిన దీవుల దేశం ఫిజీ. పెద్ద కస్టమర్ సరుకు వస్తే చాలు, ఫిజీ సరుకును తర్వాతి ఓడకు తోసేసి, "దీవి ఎక్కడికీ పోదులే" అనేవారు.

ఒకసారి ఫిజీ నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ తెలుగావిడ ఒకరు వచ్చింది. ఫిజీలో తమ్ముడి ఇంటికప్పు తుపానుకు ఎగిరిపోతే ఆమె బుక్ చేసిన రేకులు రెండోసారీ మా గోడౌన్‌లోనే మిగిలాయి.

"దీవి ఎక్కడికీ పోదు ఆంటీ, కంగారెందుకు?" అన్నారాయన.

"దీవి పోదు బాబూ. వాన కూడా పోవట్లేదు."

ఆయన నవ్వి, కాఫీ ఇచ్చి సాగనంపారు. మూడో ఓడ కూడా పెద్ద కస్టమర్లకే సరిపోయింది.

ఆయన చాలా మంచివారని మా ఆఫీసంతా అనేది. ఓడ కోసం ఎదురుచూసేవాళ్లెవరూ మా ఆఫీసులో పనిచేయలేదు మరి.