మూడో వంతు ఊపిరి

నేను డిగ్రీ చదివేటప్పుడు, మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే బాపుకు ఆయాసం ముదిరింది. డాక్టర్ పరీక్షలు చేసి, ఊపిరితిత్తుల శక్తి "త్రీ టైమ్స్ లెస్" అన్నాడు.

"మూడింతలు తగ్గిందట బాపూ," అని చెప్పాను.

బాపు నవ్వాడు. "ఉన్నదంత పోయినా ఒక్క ఇంతనే గద బిడ్డా! మూడింతలు పోతే నేనెట్ల బతికున్న?"

నాకూ అర్థంకాక డాక్టర్‌నే అడిగాను.

"మూడో వంతే మిగిలిందమ్మా," అన్నాడాయన. బాపు నవ్వు ఆగిపోయింది.

ఆ వారమే మొక్కు తీర్చడానికి కొండగట్టు వెళ్ళాం. కొన్ని మెట్లెక్కగానే బాపు కూలబడ్డాడు.

"నాకున్నది గింతవరకే సరిపోయింది. మీరు పోయి మొక్కి రాండ్రి," అన్నాడు రొప్పుతూ.

ఇప్పుడు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. "త్రీ టైమ్స్ లెస్" అంటూ ఎన్నింతలు తగ్గిందో రాయనివ్వను. ఎంత మిగిలిందో రాయమంటాను.