రెండో వరుసలో బీరకాయ

ఆసుపత్రిలో అందరూ ఆమెను టీచరమ్మ అనడం మొదలుపెట్టింది శిక్షణ నుంచి తిరిగొచ్చాకే. అంతకుముందు ఆమె రోగుల పేర్లు రాసుకునే కౌంటరులో ఒక గుమాస్తా, అంతే. ఒకే యాజమాన్యం కింద ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఒకే కంప్యూటరు పద్ధతి పెడుతున్నామని, ఒక్కో ఆసుపత్రి నుంచి ఒక మనిషి వచ్చి నేర్చుకుని, వెనక్కి వెళ్ళి మిగతావాళ్ళకు నేర్పాలని పైనుంచి కబురొచ్చింది. ఎవరూ ముందుకు రాలేదు. గట్టిగా కాదనలేని మనిషి కనక ఈమెను తోసేశారు.

అక్కడ నేర్పిన పెద్దాయన మొదటి పూటే ఒక మాట చెప్పాడు.

"మీకు రావడం గొప్ప కాదు. ఎదుటివాళ్ళకు రావాలి. వాళ్ళు తప్పు నొక్కుతుంటే మీ చెయ్యి ఊరుకోదు, లాక్కుని మీరే నొక్కేస్తారు. అలా చేస్తే వాళ్ళకు జన్మలో రాదు. నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోండి. ఇంకోటి, తనంతట తాను చేయలేని మనిషికి పాసని సంతకం పెట్టారో, తరవాత ఆ మనిషి చేసే ప్రతి తప్పూ మీదే."

హాల్లో ఎవరో నవ్వారు. టీచరమ్మకు నవ్వు రాలేదు. ఇంట్లో వదిన గుర్తొచ్చింది.

వదినంటే భర్త అక్క. అదే ఆసుపత్రి మార్చురీలో పనిచేస్తుంది. చనిపోయినవాళ్ళను తీసుకోవడం, సొరుగుల్లో పెట్టించడం, సొంతవాళ్ళు రాగానే అప్పగించడం ఆమె పని. నోరు కాస్త పదును. "మీరందరూ బతికున్నవాళ్ళతో వేగాలి. నా వాళ్ళు పాపం ఒక్కళ్ళూ నోరెత్తరు" అనేది. టీచరమ్మ భర్త పనిచేసే చోట కుప్పకూలిపోయి ఆ గదికే వచ్చినప్పుడు, వదిన ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తమ్ముడి మొహం తనే తుడిచింది, చొక్కా గుండీలు పెట్టింది, అప్పుడు బయటికొచ్చి మరదల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. "రా. ఇప్పుడు చూడు" అంది. తరవాత సూపరింటెండెంటు కాళ్ళావేళ్ళా పడి కౌంటరులో ఉద్యోగం వేయించిందీ ఆమే. అప్పట్నుంచి ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి.

పాత మందుల గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి తరగతి మొదలుపెట్టారు. నెలాఖరులోగా పాసు కానివాళ్ళకు ఇక పని ఉండదని గోడకు కాగితం అంటించారు. నర్సులు, ల్యాబు వాళ్ళు, వంటగది మేస్త్రీ, అందరూ వంతుల వారీగా వచ్చారు.

నేర్చుకోవడానికి ఒక ఉత్తుత్తి తెర ఉండేది. అందులో నిజమైన రోగులుండరు. ఎవరు తయారుచేశారో గానీ, మనుషుల పేర్లకు బదులు కూరగాయల పేర్లు పెట్టారు. మార్చురీ తెరమీద మొదటి వరుసలో వంకాయ, రెండో వరుసలో బీరకాయ, మూడో వరుసలో దోసకాయ.

"టీచరమ్మా, బీరకాయ చచ్చిపోయిందే!" అని వంటగది మేస్త్రీ గొల్లుమన్నాడు. "ఎంత బాగుండేది, లేత ప్రాణం."

"నువ్వు వండకముందే పోయింది, అదృష్టవంతురాలు" అంది వదిన.

గదంతా ఘొల్లుమంది. వదిన మూడో పూటకే అందరికంటే ముందు పట్టేసింది. చూస్తుండగానే బీరకాయను సొరుగులోంచి తీయించి, చీటీ అచ్చు వేయించి, ఇంటికి పంపించేసింది. టీచరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, లోపల్లోపల పొంగిపోయింది.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం వదిన గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పెదాలు కదులుతున్నాయి. కుడి చేతి వేలు చేట అంచుమీద కిందికి రెండు సార్లు, పక్కకి ఒకసారి, మళ్ళీ కిందికి ఒకసారి తట్టింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

తెరమీద బీరకాయను పంపేటప్పుడు నొక్కే వరసే అది.

"వదినా, మీరు పేరు చూసి నొక్కుతున్నారా, చోటు చూసి నొక్కుతున్నారా?"

"ఏదైతేనేమే? బీరకాయ రెండో వరుసలోనే కదా ఉంటుంది."

"నిజం తెరలో అలా ఉండదు వదినా. కొత్తగా ఎవరొచ్చినా అందరికన్నా పైన చేరతారు. మిగతావాళ్ళంతా ఒక మెట్టు దిగుతారు. ప్రతిసారీ పేరు చదవాలి."

వదిన రాయి ఒకటి తీసి వాకిట్లోకి విసిరింది. "చదువుతాలే. ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి గానీ, రేపటికి చదువుతా. నువ్వు అలా మొహం పెట్టకు. ఇప్పుడు నన్ను తీసేస్తే ఇంకెవడిస్తాడే నాకు పని? శవాలు సర్దడం తప్ప నాకేం వచ్చు?"

మర్నాడు సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని చూశాడు. వదిన వేళ్ళు చకచకా ఆడాయి. బీరకాయ ఇంటికి వెళ్ళిపోయింది. "బ్రహ్మాండం" అన్నాడాయన. వరుసలు మార్చి ఇంకొక్కసారి చేయిద్దామని టీచరమ్మ నోటిదాకా వచ్చింది. వదిన ఆమె వైపే చూస్తోంది. ఆనాడు మార్చురీ గుమ్మంలో నించుని "రా. ఇప్పుడు చూడు" అన్న మొహమే అది. టీచరమ్మ సంతకం పెట్టేసింది.

కొత్త పద్ధతి వచ్చాక వదిన కుర్చీ మార్చురీ బయటికి, కంప్యూటరు ముందుకి మారింది. ఇదివరకు సొరుగు తనే తెరిచి, మొహం తనే చూపించి అప్పగించేది. ఇప్పుడు ఆమె చీటీ అచ్చు వేస్తుంది, చీటీమీద సొరుగు నంబరు చూసి లోపలివాళ్ళు మూటకట్టిన మనిషిని వెనక గుమ్మం నుంచి బండి ఎక్కిస్తారు. లోపల ఎవరున్నారో ఆమె కళ్ళతో చూడదు.

ఒక ఉదయం, దూరపు ఊరి నుంచి ముగ్గురు అన్నదమ్ములు తండ్రి కోసం వచ్చారు. బండి బయట ఆగి ఉంది, ఎండ ముదరకముందే బయల్దేరాలని తొందరపెడుతున్నారు. వదిన తెర చూసుకుంది. వాళ్ళ నాన్న రెండో వరుసలో ఉన్నాడు. "ఉండండి బాబూ, అయిపోతుంది" అంటూ కాగితం సర్దడానికి అచ్చుయంత్రం వైపు తిరిగింది. ఆ కాస్సేపట్లోనే పై వార్డు నుంచి కొత్త పేరొకటి ఎక్కింది. వరుసలన్నీ ఒక మెట్టు దిగాయి. వదిన వెనక్కి తిరిగి రెండో వరుస నొక్కేసింది.

సాయంత్రం ఒకమ్మాయి ఒంటరిగా వచ్చింది. తన నాన్నను తీసుకెళ్ళాలంది. లోపలివాళ్ళు సొరుగు లాగితే ఖాళీ. పక్క సొరుగులో పొద్దున వచ్చిన అన్నదమ్ముల నాన్న. ఫోను మీద ఫోను చేశారు. ఆ అన్నదమ్ములు అప్పటికే ఊరు చేరి, మొహం చూడలేక కట్టు విప్పకుండానే అంత్యక్రియలు ముగించేశారు.

ఆమె అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. "మా నాన్నేరి?" అని ఒక్కొక్కళ్ళనే అడుగుతూ వరండాలో తిరిగింది.

విచారణ గదిలో టీచరమ్మ నిలబడి చెప్పేసింది. "ఆవిడకి పద్ధతి రాలేదని నాకు ముందే తెలుసండి. తెలిసే పాసు చేశాను. తప్పు నాది."

పైనుంచి వచ్చిన అధికారి కలం పక్కన పెట్టాడు. "కూర్చోండమ్మా. నేర్పినవాళ్ళు తప్పు సంతకం పెట్టారని నేను రాస్తే, ఇక్కడ పాసైనవాళ్ళందర్నీ మళ్ళీ కూర్చోబెట్టాలి. రేపు మిగతా ఆసుపత్రుల్లోనూ అదే అంటారు. ఎన్నాళ్ళని ఆసుపత్రులు మూసుకుంటాం? ఆవిడ చదవకుండా నొక్కింది. అక్కడికి చాలు."

వదిన తల ఎత్తలేదు. "మా మరదలు బాగానే నేర్పిందండి. వరుస మారుతుందని ముందురోజు కూడా చెప్పింది. నేనే చూడలేదు" అంది. ఆమె ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది.

ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ వదిన అంది:

"చేటమీద నా వేళ్ళు చూశావు కదే నువ్వు."

"చూశాను వదినా."

"మరి పరీక్షలో ఎందుకు ఆపలేదే?"

"మీ పని పోతుందని."

"పోతే పోయేది. ఎలాగూ పోయింది." వదిన గోడ పట్టుకుని మెల్లిగా కూలబడింది. "ఎంతమందిని అప్పగించానే ఈ చేతుల్తో. ఒక్కళ్ళని తారుమారు చేశానా? నన్ను ఆపి ఉంటే ఆ పిల్లకి వాళ్ళ నాన్న మొహం దక్కేది."

టీచరమ్మ అన్నం వండింది. ఇద్దరూ తినలేదు.

మర్నాటి నుంచి వదిన పొద్దున్నే తయారై, ఎప్పుడూ డ్యూటీకి వెళ్ళే వేళకే బయల్దేరేది. ఆ అమ్మాయి ఇల్లు ఎక్కడో కనుక్కుంది. వెళ్ళి ఆ వాకిట్లో నిలబడి, పొద్దెక్కాక తిరిగొచ్చేది. అక్కడ మార్చురీలో వదిన కుర్చీలో కొత్త మనిషి చేరింది. ఆమెకు నేర్పే పని టీచరమ్మకే పడింది. కొత్తామె ఒక్కో బీరకాయను పంపగానే టీచరమ్మ వరుసలు మార్చేసేది. "ఏంటండీ ఇది, కుదురుగా ఉండనివ్వరు" అని ఆమె విసుక్కునేది. టీచరమ్మ మళ్ళీ మార్చేది.

ఒక సాయంత్రం వదిన వచ్చి నీళ్ళు తాగి కూర్చుంది.

"ఏమన్నా అన్నారా వదినా?"

"ఏమంటారు? ఇవాళా తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చూసి, తెర వేసేసుకుంది. రేపు మళ్ళీ వెళ్తా."

"రేపు నేనూ వస్తాను."

వదిన గ్లాసు కింద పెట్టింది.

"నీకు క్లాసుంది కదే. ఆ కొత్తామెకి పేరు చదవడం వచ్చేదాకా వదలకు" అంది.