ముగ్గు లేని వాకిలి

పదకొండేళ్ల వయసులో మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. తెల్లారగానే బిందె తీసుకొని పై వీధి చేతిపంపు దగ్గరికి పోవాలి. పోతూ పోతూ నీలం తలుపుల ఇంటి వాకిలి చూడాలి. ముగ్గు ఉంటే ఏమీ చెప్పనక్కర్లేదు. లేకపోతే బిందె నిండినా నిండకపోయినా వెనక్కి వచ్చి అమ్మ చెవిలో చెప్పాలి. ఇంకెవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా నాయనకు.

అది మా పగవాళ్ల ఇల్లు. ముదిగుబ్బకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊరు. తొంభైల చివర్లో, వాన మొహం చాటేసిన ఒక ఏడాది వాళ్ల గొర్రెలు మా వేరుశనగ చేలో పడ్డాయి. చేను అప్పటికే ఎండిపోయింది, గొర్రెలు తిన్నది కాయ పట్టని మొక్కలే. ఆ ముక్క ఎవరైనా ముందే అని ఉంటే బాగుండేది. నాయన కొడవలి ఎత్తాడు. ఆ ఇంటి పెద్దకొడుకు చేయి అడ్డం పెట్టాడు. అతని కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. మా నాయన మంచివాడని చెప్పి ఈ సంగతిని తేలిక చేయలేను, తప్పు మాదే. కేసు కోర్టులో నానుతూ ఉండింది. వేళ్లు పోయినవాడికి కేసుతో పనిలేదు. మా నాయన తల తీస్తానని అతను నడివీధిలో నిలబడి అన్నాడు, ఊరంతా విన్నది.

ఆ రోజు నుంచి మగవాళ్లు ఒకరి వీధిలోకి ఒకరు పోవడం మానేశారు. ఆడవాళ్లకు ఆ వైభోగం ఎక్కడిది? పంపు ఒకటే, కూలి దొరికే చేను ఒకటే. కొద్దో గొప్పో పండిన ఒక రైతు చేలో కాయ పీకే పనికి అమ్మ పోయింది, వేళ్లు పోయినవాడి తల్లీ వచ్చింది. ఊరి పిల్లలమంతా ఆమెను అవ్వా అనేవాళ్లం. నేను గట్టు మీద కూర్చొని చూస్తున్నాను. ఇద్దరూ పక్కపక్క సాళ్లలో వంగి మధ్యాహ్నం దాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. చివరికి అవ్వే, తల ఎత్తకుండా అడిగింది.

"నా కొడుకు నా మాట ఇనడు. నీ మొగుడు నీ మాట ఇంటాడా?"

"యాడింటాడక్కా!"

"అట్లయితే మనమే ఏమన్నా చేసుకోవల్ల. మావోడు కొడవలి తీసినాడంటే నాకు తెలీకుండా ఉండదు. ఆ పొద్దు నా వాకిట్లో ముగ్గెయ్యను. నువ్వు నీ మొగుణ్ని గడప దాటనియ్యొద్దు."

అమ్మ తల ఊపింది. ఇద్దరూ మళ్లీ కాయ పీకడంలో పడ్డారు. సాక్షిని నేనొక్కదాన్నే.

ఆ ఏడాదిలో మూడుసార్లు నాకు ఆ వాకిలి బోసిగా కనిపించింది. మొదటిసారి బాగా గుర్తుంది. కల్లాపి చల్లిన నేల నల్లగా తడిసి ఉంది, దాని మీద ఒక్క చుక్క లేదు. అరుగు మీద అతను కూర్చొని ఎడమచేత్తో పళ్లు తోముకుంటున్నాడు. "ఏం పాపా, మీ నాయన బాగుండాడా?" అని నవ్వుతూ అడిగాడు. బిందె పంపు దగ్గరే వదిలేసి పరుగెత్తాను.

ఆ రోజు అమ్మ కడుపునొప్పని నేల మీద పొర్లింది. రెండోసారి నాకు లేని జ్వరం తెప్పించింది. మూడోసారి నాయన చెప్పులు తీసి వడ్లగరిసెలో దాచేసింది. "నేనేమన్నా ఈ ఇంట్లో ఖైదీనా?" అని నాయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. తను ఎందుకు బతికి ఉన్నాడో ఆ మనిషికి తెలియదు. నాకు తెలుసు, చెప్పకూడదు. అన్నం తింటుంటే ఆయన మెడ వైపే నా చూపు పోయేది.

మరుసటి ఏడు మహాలయ అమావాస్య వచ్చింది. పెద్దలకు పెట్టే ఆ రోజు మా వైపు ఏ వాకిట్లోనూ ముగ్గు పడదు. ముగ్గు ఉంటే చనిపోయిన పెద్దలు గడప దాటి లోపలికి రారని నమ్మకం. అన్నీ ఆలోచించుకున్న ఆ ఇద్దరు ఆడవాళ్లకూ ఒప్పందం నాడు ఈ రోజు సంగతి తట్టలేదు. "ఈపొద్దు చూసేదేముండాది, పెద్దల దినం కదా" అని అమ్మ నన్ను పై వీధికి పంపలేదు. అటువంటి రోజున ఎవరూ కత్తి ఎత్తరని కూడా అనుకుంది. తాత పేరున పెట్టాల్సిన పంచె కొనడం మరిచిపోయిన నాయన, ముందురోజు నలుగురిలో అన్నట్టే, ముదిగుబ్బ బస్సు కోసమని బయల్దేరాడు.

నాయన వీధి మలుపు తిరిగిన కాసేపటికే మా వాకిట్లో అవ్వ కనిపించింది. ఏడాది పైగా ఆ ఇంటి మనిషి మా వీధిలో అడుగు పెట్టలేదు. వడలకు పప్పు రుబ్బుతున్న అమ్మ చేయి ఆగిపోయింది.

"నీ మొగుడు యాడమ్మా?"

"పంచెకు పోయినాడక్కా, ఇప్పుడే."

"మావోడు తెల్లారకముందే పోయినాడు. కొడవలి లేదు. ముగ్గెయ్యకుంటే నీకు తెలుస్తాదిలే అని నిమ్మళంగా ఉండా. వీధిలోకొచ్చి చూస్తే ఎవురి వాకిట్లోనూ ముగ్గు లేదు. అప్పుడు మతికొచ్చె పెద్దల దినమని."

పిండి చేతులతోనే అమ్మ లేచింది. ఇద్దరూ చెప్పులు లేకుండా వంక వైపు పరుగెత్తారు, వెనక నేను. బస్సు రోడ్డుకు పోవాలంటే నీళ్లు లేని ఆ వాగు దాటాలి. మేం చేరేసరికి నాయన ఇసుకలోకి దిగాడు. ఎదురుగా కానుగచెట్ల కింది నుంచి అతను లేచాడు, ఎడమచేతిలో వేటకొడవలి. నాయన మొలలోంచి కత్తి తీశాడు. నాయన కత్తి పెట్టుకొని తిరుగుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ మా నాయనను దాటుకొని పోయి కొడుకు ఎదురుగా ఇసుకలో కూలబడింది. కొంగు తీసి అతని కాళ్ల ముందు అడ్డంగా పరిచింది. తల్లి కొంగు తొక్కి పోయినవాడిని మా వైపు మనిషిగా లెక్కపెట్టరు.

"దాటి పోరా" అంది.

అమ్మ ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చుంది. తన కొంగు నాయన ముందు పరిచింది. "నువ్వూ దాటు" అంది.

ఎవరూ కదల్లేదు. అతను కొడవలి ఎత్తే ఉన్నాడు. ఇప్పుడు దాటుతాడు, ఇప్పుడు దాటుతాడు అనుకుంటూ నేను నిలబడ్డచోటే పావడా తడుపుకున్నాను. ఎంతసేపటికో అతను కొడవలి దించాడు.

"నీకు వాళ్లే ఎక్కువయినారు గదా. ఇంగ నా గడప తొక్కొద్దు" అని తల్లితో అని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

"మా ఇంటికి రాక్కా" అంది అమ్మ. నాయన కత్తి మొలలో దోపుకుంటూ అటు తిరిగాడు.

"మీ ఇంటికొస్తే రేపే మళ్లా మొదులైతాది" అని అవ్వ కొంగు దులుపుకొని లేచింది. నాయన ఎక్కాల్సిన బస్సు తను ఎక్కి, కట్టుబట్టలతో కుందుర్పిలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది.

ఆర్నెల్లకు పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు. పొట్టేలు కోశారు. నాయనా అతనూ ఒకే పంక్తిలో తిన్నారు. వడ్డిస్తున్న అమ్మ అతని విస్తరి దగ్గర ఆగి, "మీ అమ్మను ఎప్పుడు తోలుకొనొస్తావప్పా?" అని అడిగింది. అతను ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు. "మంచి పొద్దున ఆ మాటలెందుకే, ఊరకుండు" అన్నది నాయనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆయన మీద నాకు ఒళ్లు మండుతుంది.

రెండేళ్లకు అవ్వ చనిపోయిందని కుందుర్పి నుంచి కబురొచ్చింది. నాయనా అతనూ జీపు మాట్లాడుకొని పక్కపక్కన కూర్చున్నారు. అమ్మ కోసం మా వాకిట్లో ఆపి హారన్ కొట్టారు. అమ్మ గడప లోపలే నిలబడింది.

"ఆమె బతికుండగా ఈ జీపు యాడికి పోయిండె?"

జీపు పోయాక అమ్మ తలుపు దగ్గరికి లాగి, నన్ను వెంటబెట్టుకొని కుందుర్పి బస్సెక్కింది.